నేను చెప్పినట్టే చేసిన కంప్యూటర్

ముందే చెబుతున్నాను, ఇది విజయగాథ కాదు. నిక్షేపంగా నడుస్తున్న ఒక కంప్యూటర్‌ను, ఎవరూ అడక్కపోయినా, పట్టపగలు, పదిమంది మధ్యలో కూర్చుని, నా రెండు చేతులతో నేనెలా చంపానో చెప్పే కథ. చంపేముందు అది నన్ను బతిమాలింది కూడా. నేను వినలేదు. నేను వినే రకం కాదు. ఈ ముక్క మా అమ్మనడిగితే ఇంకొంచెం గట్టిగా చెబుతుంది.

అప్పుడు నేను హన్మకొండలో పాలిటెక్నిక్ చదువుతున్నాను. కంప్యూటర్ బ్రాంచి. ల్యాబులో లైనక్స్ నేర్పడం అప్పుడప్పుడే మొదలుపెట్టారు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు టకటకా కొడుతుంటే, వెనక నిలబడ్డవాళ్ళకు నేనేదో రాకెట్టు పంపుతున్నట్టు కనిపిస్తానని నా నమ్మకం. నిజానికి నేను కొట్టేవాటిలో సగం తప్పులు, మిగతా సగం ఆ తప్పుల్ని చెరపడం. అయినా ఇంట్లో టీవీ రిమోట్ పనిచేయకపోయినా, పక్కింటాయన ఫోన్‌లో ఫోటోలు కనపడకపోయినా, "కరుణను పిలువుండ్రి, కంప్యూటర్ సదువుతాంది" అనేవాళ్ళు. మనిషి పాడవడానికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

మా చర్చి ధర్మసాగర్ పోయే రోడ్డు మీద ఉంటుంది. చిన్నదే. అందులో పాటల కంప్యూటర్ ఒకటి ఉండేది. ఎవరో నెట్ సెంటర్ మూసేస్తూ ఇచ్చిన పాత డెస్క్‌టాప్. వైరస్ రాదు, పైసలు కట్టే పని లేదు అని దాంట్లో లైనక్స్ ఎక్కించి మరీ ఇచ్చారు. పాటలన్నీ మా బాపు, అదే మా నాన్న, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసి అందులో పెట్టాడు. ఆ పెట్టె ఎంత నిదానం అంటే, నేను బటన్ నొక్కాక అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రారంభ ప్రార్థన మొదలుపెట్టి, దేశాన్నీ రైతుల్నీ దవాఖానలో ఉన్నవాళ్ళనూ పేరుపేరునా తలుచుకుని ఆమెన్ అన్నాక గానీ తెర వెలిగేది కాదు. ఆమెన్‌కూ వెలుగుకూ అంత చక్కగా లెక్క కుదిరింది. కొత్తగా వచ్చినవాళ్ళు అదంతా ప్రార్థన మహిమే అనుకునేవాళ్ళు.

ఆ కంప్యూటర్ ముందు కూర్చోవడం నా డ్యూటీ. బల్ల వేదిక పక్కన ఉంటుంది. చర్చిలో అందరూ వేదిక వైపు తిరిగి కూర్చుంటే, నేనొక్కదాన్నే జనం వైపు తిరిగి కూర్చునేదాన్ని. పాట మొదలవగానే పల్లవి పెట్టేదాన్ని, తర్వాత మొదటి చరణం. రెండో చరణం తెర మీదికి రాగానే నా పని వేరే ఉండేది. తర్వాతి పాట ఎక్కడుందో ఆ చరణం పాడుతుండగానే వెతికి పెట్టుకోవాలి. కళ్ళు అక్కడుంటే పాట ఇక్కడ ఎలా పాడతాం? కాబట్టి నోరు ఊరికే ఆడించేదాన్ని. దూరం నుంచి చూస్తే భక్తిగా పాడుతున్నట్టే ఉండేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నా పరువు తీయడానికి పనికొస్తుంది.

ఇక మణెమ్మత్త. ఆమె మాకు చుట్టం కాదు, కానీ చర్చిలో పిల్లలందరికీ అత్తే. వయసులో ఉన్నప్పుడు పరకాల దిక్కు మిరప చేన్లలో కూలికి పోతూ పాటలు కట్టేది. మా కోత పండుగకు పాడే మొదటి పాట ఆమె కట్టిందే. కోత పండుగ అంటే తెలుసుగా, పండిన పంటలో తొలి భాగం చర్చికి తెచ్చి పెట్టే రోజు. గుమ్మడికాయలు, వడ్ల గొలుసులని మేమనే వరి కంకులు, మిరపకాయల సంచులు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ వేదిక ముందు పేరుస్తారు. పాటలయ్యాక వాటిని హర్రాజు వేస్తారు.

మణెమ్మత్తకు కొన్నేళ్ళ కింద చెవులు పోయాయి. చెవి మిషన్ పెట్టిస్తే డప్పు, మైకు, పిల్లల ఏడుపు అన్నీ కలిసి తలలో బస్టాండు పెట్టినట్టుందని తీసి డబ్బాలో దాచేసింది. అయినా పాడటం మానలేదు. ఎప్పుడూ చాప మీద మొదటి వరసలో, సరిగ్గా నా బల్లకు ఎదురుగా కూర్చుని గొంతెత్తి పాడేది. పల్లవి బాగానే ఉండేది, మొదటి చరణం బాగానే ఉండేది. రెండో చరణం రాగానే తప్పిపోయేది. మేమంతా ఒక లైనులో ఉంటే ఆమె ఇంకో లైనులో. పాపం, చెవుడు కదా అని మేమంతా సర్దుకునేవాళ్ళం. అందరికంటే ఎక్కువ జాలిపడేదాన్ని నేనే.

ఆ ఏడు కోత పండుగ ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. హార్మోనియం మూస్తూ మా బాపు అన్నాడు: "ఎప్పటిలెక్కనే మొదటి పాట మణెమ్మక్కదే."

దేవదానం పెద్దబాపు గొంతు సవరించుకున్నాడు. ఆయన మా చర్చి పెద్ద. ఏ మాటైనా ఆయన గొంతు సవరించుకున్నాకే ఖాయమవుతుంది.

"పాట ఆమెదే తమ్మీ, నేను కాదంటలేను. కని రెండో చరణంల ఎటో పోతది గదా. మనం ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు. పండుగకు బయటోళ్ళు గూడ అత్తరు."

"చెవులు ఇనపడకపాయె, ఆమె మాత్రం ఏంజేత్తది?"

"నేను గదే అంటాన. ఇనపడనప్పుడు జర కూసుంటే మంచిగుంటది. నలుగుట్ల నవ్వులపాలెందుకు? సరే, ఈ పండుగకు పాడనియ్యి. ఈసారి గూడ గట్లనే తప్పిందనుకో, ఇగ నేనే నచ్చజెప్త. వచ్చే ఏడు సంది ఆమె ఊకె కూసొని ఇంటది."

"ఇనపడదంటివి గదనే, ఇంకేం ఇంటది?" అన్నాడు బాపు. పెద్దబాపు ఇంకోసారి గొంతు సవరించుకున్నాడు, మాట ఖాయమైపోయింది.

మణెమ్మత్త అక్కడే ఉంది. తన గురించే మాట్లాడుతున్నారని తెలిసి నా మొహంకేసి చూసింది. "ఏమంటాండ్లు బిడ్డా?"

"నీ పాటే మొదలంట అత్తా," అన్నాను.

"ఔ మరి. కట్టింది నేనే గదా," అని నవ్వింది. ఈ మనిషి పాడకుండా చాప మీద చేతులు కట్టుకుని కూర్చుంటుందా? నా ప్రాణం ఉండగా కూర్చోనివ్వను అనుకున్నాను. నేనొకటి అనుకున్నానంటే మా ఇంట్లో ముందు జాగ్రత్తగా గాజు గ్లాసులు ఎత్తి పైన పెడతారు.

"పెద్దబాపూ, నేను కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్త," అన్నాను. "ఏ మాట పాడాల్నో ఆ మాట రంగు మారుకుంట పోతది. అక్షరాలు గూడ గింతింత పెద్దగ. అత్త తెర సూసి పాడుతది. చరణం తప్పే సవాలే లేదు."

"పాతది ఖరాబు కాదు గద బిడ్డా?"

"నేనున్న గద, ఫికర్ చెయ్యకుండ్రి."

ఇక్కడ మీకొక నిజం చెప్పుకోవాలి. నా పట్టుదలంతా మణెమ్మత్త కోసమే అంటే సగమే నిజం. మిగతా సగం జలపాతం కోసం. కాజీపేటలో మా చిన్నమ్మ వాళ్ళ చర్చిలో పాట వెనకాల తెర మీద జలపాతం దూకుతుంటుంది. నిజంగా నీళ్ళు కదులుతాయి. మా పాటల వెనకాల ఏముండేది? నీలం రంగు. చిన్నమ్మ కూతురు మా చర్చికి వచ్చినప్పుడల్లా ఆ నీలం రంగు చూసి, "సాదాగ మంచిగుందే," అనేది. ఆ "సాదాగ" నాకు రెండేళ్ళుగా గొంతులో ముల్లులా ఉంది. రంగులు మారే అక్షరాలూ, దూకే జలపాతమూ రెండూ ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. తాను దూర సందు లేదు, మెడకో జలపాతం అన్నట్టు, ఆ ముసలి పెట్టెకు నేను నీళ్ళు కట్టబోయాను.

షబానాకు ఫోన్ చేశాను. షబానా నా క్లాస్‌మేట్. ములుగు పిల్ల, ఇక్కడ వాళ్ళ అన్నావదినల దగ్గర ఉండి చదువుకుంటోంది. నాకు లైనక్స్ మీద ఉత్సాహం ఉంటే, ఆమెకు లైనక్స్ తెలుసు. రెండిటికీ చాలా తేడా ఉందని తర్వాత తెలిసింది.

"ఎంత పాతదే గది?" అంది.

"మన సీనియర్లకు సీనియర్లు వాడినంత."

"దానికి కొత్తయి రావుడు ఎప్పుడో బందైంది. ముట్టకు. నడుస్తాంది గదా, నడవనియ్యి."

"పాటలదొక్కటే కొత్తది ఎక్కిస్తనే. మిగతాది ముట్ట."

"ఒక్కటే ఎక్కదే. దానికింద ఇంకోటి కావాలంటది, దానికింద మల్లొకటి. సరే, ఇనవు గదా. ముందుగాల అన్నీ ఒకదాంట్ల కాపీ చేసి పెట్టుకో."

"చేస్తలే."

"ఎప్పుడు?"

"అయినంక."

షబానా, "నీ ఇష్టం కరుణా, అల్లా చూసుకుంటడు," అని పెట్టేసింది.

షబానా చెప్పిన ముక్క మీకు అర్థం కావాలంటే పెళ్ళి గుర్తుచేసుకోండి. ఒక సాఫ్ట్‌వేర్‌ను పిలిచామంటే అదొక్కటే రాదు, చుట్టాలను వెంటేసుకుని వస్తుంది. కొత్త పెళ్ళికొడుకు, "మా కొత్త మేనమామ లేకపోతే నేను పీటల మీద కూర్చోను" అంటాడు. ఆ కొత్త మేనమామ వస్తే, ఇంట్లో ఉన్న పాత మేనమామ అలిగి లేచిపోతాడు. లేచిపోయేవాడు ఒక్కడే పోతాడా? తనను నమ్ముకుని వచ్చిన అక్కనూ చెల్లెనూ తోడల్లుణ్ణీ అందరినీ లేపుకుపోతాడు. చివరికి పందిట్లో పెళ్ళికొడుకూ, అతని మేనమామా మిగులుతారు. వండేవాడు కూడా ఉండడు.

శనివారం మధ్యాహ్నం చర్చిలో పండుగ పనులు జరుగుతున్నాయి. ఆడవాళ్ళు స్తంభాలకు వడ్ల గొలుసులు కడుతున్నారు. గుమ్మడికాయలు దిగుతున్నాయి. ఎవరో ఒక కోడిని తెచ్చి, కట్టడానికి చోటు లేనట్టు, నా బల్ల కాలికే కట్టారు. మణెమ్మత్త నా ఎదురుగా కూర్చుని ఎర్ర మిరపకాయలు దండ గుచ్చుతోంది. నేను ఫోన్‌లో నెట్ ఆన్ చేసి, పెట్టెకు కలిపి, పని మొదలుపెట్టాను.

"ఏంజేత్తానవ్ బిడ్డా? గా నల్ల తెర ఏంది?"

"నీ కోసమే అత్తా. రేపు పెద్ద పెద్ద అక్షరాలు అత్తయి నీకు."

"నాకెందుకే అక్షరాలు?"

పాపం, మొహమాటం అనుకున్నాను. మొహమాటపడకు అత్తా అని చేత్తో సైగ చేసి మళ్ళీ కొట్టడంలో పడ్డాను.

పాత లైనక్స్‌లో కొత్త పాటల సాఫ్ట్‌వేర్ ఎక్కమంటే ఎక్కనంది. దానికి కావలసిన చుట్టాలు ఇక్కడ లేరంది. నేను ఊరుకుంటానా? కొత్త లైనక్స్ వాళ్ళ గోదాము అడ్రసు తెచ్చి పాతదాని చేతికిచ్చి, "నీకేం కావాలో అక్కడి నుంచి తెచ్చుకో" అన్నాను. అది కాసేపు ఆలోచించి ఒక జాబితా చూపించింది. కొత్తగా వచ్చేవి కొన్ని. తీసేసేవి మాత్రం తెర నిండిపోయి ఇంకా కిందికి పోతున్నాయి. పెళ్ళిలో చదివింపులు మైకులో చదువుతుంటే మనం ఎంత శ్రద్ధగా వింటామో, అంత శ్రద్ధగా వాటిని పైనుంచి కిందికి చూశాను.

దాని కింద ఇంగ్లీషులో ఒక మాట. దాని సారం ఇది: అమ్మా, నువ్వు చేయబోయేది చాలా ప్రమాదం, ఏం చేస్తున్నావో తెలిస్తే తప్ప ముందుకు పోకు. అయినా పోతానంటే, "అవును, నేను చెప్పినట్టు చెయ్యి" అని నీ చేత్తో టైపు చెయ్యి.

చూడండి, పుట్టి బుద్ధెరిగాక నాకు ఇలాంటి అవకాశం రాలేదు. మా ఇంట్లో నేను చెప్పినట్టు చేసేవాళ్ళు ఎవరూ లేరు. మా తమ్ముడు చేయడు. మా మేకపిల్ల కూడా చేయదు. అలాంటిది ఒక మిషన్ నా ముందు చేతులు కట్టుకుని, చెప్పినట్టు చేస్తాను, ఒక్క మాట అనమని అడుగుతోంది. ఎలా అనకుండా ఉంటాను?

కొట్టాను. కంగారులో మొదటి అక్షరం పెద్దది పెట్టాల్సింది చిన్నది పెట్టాను. అది ఒప్పుకోలేదు, పని ఆపేసింది. అంటే దేవుడు నాకు రెండో అవకాశం ఇచ్చాడన్నమాట. నేను ఆ అవకాశాన్ని సద్వినియోగం చేసుకుని, ఈసారి ఒక్క తప్పు లేకుండా కొట్టాను.

నా మాట విన్నది. ఎంత బాగా విన్నదంటే, వరసగా ఒక్కొక్కదాన్నీ సాగనంపింది. ముందు మూలనున్న గడియారం బొమ్మ పోయింది. తర్వాత కిటికీల అంచులు పోయాయి. తర్వాత మౌసు బాణం ఉన్నచోటే బిగుసుకుపోయింది. చివరికి తెర నల్లబడి, పైమూలన ఒక చిన్న గీత మిగిలింది. అది ఆరుతూ వెలుగుతూ, "ఇంకేమైనా సేవ ఉందా" అన్నట్టు నన్నే చూస్తోంది. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఆ గీతే వచ్చింది. పెట్టెను తట్టాను. గీత. కింద కోడి ఒకసారి కొక్కొక్కో అంది.

పాటలు పోలేదు, లోపలే ఉన్నాయి. రెండు మూడు మీటలు నొక్కి, నల్ల తెర మీదే ఒక పాట తెరిచి చూశాను. ఆ నల్ల తెరకు ఇంగ్లీషు తప్ప తెలుగు రాదు. మా బాపు ఏరి ఏరి టైపు చేసిన ప్రతి అక్షరం చోటా ఒక చిన్న డబ్బా. పాటంతా డబ్బాలే. ఉన్నదీ పోయె, డౌన్‌లోడ్ చేసుకున్నదీ పోయె అంటే ఇదే.

షబానా స్కూటీ మీద వచ్చింది. తెర చూసింది, నన్ను చూసింది, జరిగిందంతా నా నోటితోనే చెప్పించింది.

"ఇంత రాసి మరీ అడిగితే, ఔ అన్నవా?"

"అన్న."

"రెండుసార్లు?"

"మొదటిసారి స్పెల్లింగ్ తప్పు పోయింది."

షబానా గోడకు ఆనుకుని కూర్చుని, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత లేచి తన పెన్‌డ్రైవ్ పెట్టి చూసింది. అందులో ఉన్నది కొత్త లైనక్స్. మా ముసలి పెట్టె దాన్ని గుర్తే పట్టలేదు.

"పొద్దుగాల మా అన్న ల్యాప్‌టాప్ తెస్త తియ్యి," అంది.

"అద్దు. నేనే ఖరాబు చేసిన, నేనే బాగు చేస్త."

"నీ మొండితనం పాడుగాను. రేపు పండుగనే."

"రేపటి వరకు ఐతది."

అప్పుడే బాపు వచ్చాడు. ఆయన బస్ డిపోలో మెకానిక్. డ్యూటీ దిగి అలాగే గ్రీజు చేతులతో వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏమైంది?"

"అప్‌గ్రేడ్ ఐతాంది బాపూ."

"అయినంక ఎట్లుంటది?"

"ఇంకా మంచిగుంటది."

"ఇప్పటిదాక మంచిగ లేకుండెనా?"

"ఉండె."

"మరి?"

బాపు తిట్టలేదు. "సతాయించని బండికి బోనెట్ ఎత్తద్దు బిడ్డా," అన్నాడంతే. తర్వాత, "మణెమ్మక్క సంగతేంది మరి? తెర సూసి పాడుతదని నువ్వే జెప్పినవ్ పెద్దబాపుకు," అన్నాడు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. జలపాతం పోతే పోయింది, రేపు మణెమ్మత్తను నా మూలంగా కూర్చోబెడతారు. ఏడుస్తూనే కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. బాపు నా తల మీద చెయ్యి వేసి, బయటికి వెళ్ళాడు. నిరుటి పండుగ ఫ్లెక్సీ ఎక్కడుందని ఎవరినో అడగడం వినపడింది.

తెల్లవారి చర్చికి వచ్చేసరికి తెర ఉండాల్సిన చోట నిరుటి ఫ్లెక్సీ తిరగేసి కట్టి ఉంది. దాని తెల్లటి వెనక వైపు మణెమ్మత్త పాట, బస్సుల మీద ఊర్ల పేర్లు రాసేంత అక్షరాలతో, బాపు బ్రష్షుతో రాశాడు. షబానా కూడా నా మాట వినకుండా ల్యాప్‌టాప్ తెచ్చింది. మా ప్రొజెక్టర్ వైరు దానికి పట్టలేదు. మధ్యలో పెట్టే పిన్ను కొనుక్కుందామంటే ఆదివారం ఒక్క షాపూ తెరిచి లేదు. నేను మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా బల్ల వెనక దూరాను. పాత లైనక్స్ సామాన్లన్నీ ఇంకో గోదాముకు మార్చారని ఫోన్‌లో వెతకగా దొరికింది. అలిగిపోయిన పాత మేనమామను అక్కడి నుంచి బతిమాలి పిలుస్తున్నాను. ఒక్కొక్కరే వస్తున్నారు. మధ్యలో వైరు వదులైతే బల్ల కిందికి దూరాను. కోడికీ నాకూ చోటు సరిపోక కాసేపు తగువు పడ్డాం.

అయ్యగారు ఆమెన్ అన్నారు. ఏ వెలుగూ రాలేదు. బాపు హార్మోనియం అందుకున్నాడు. పాట మొదలైంది.

"చినుకు పంపినావు తండ్రీ, చేను నింపినావు..."

అందరూ పాడుతున్నారు. నాకు బల్ల కింద ఒక్క గొంతు మాత్రం వినపడటం లేదు. తల బయట పెట్టి చూశాను. మణెమ్మత్త మొదటి వరసలో, కొత్త చీర కట్టుకుని, లేచి నిలబడి ఉంది. ఎదురుగా అంత పెద్ద అక్షరాలున్నాయి. ఆమె వాటి వైపు చూడటమే లేదు. నా ఖాళీ కుర్చీ వైపు చూస్తోంది. నోరు మూసే ఉంది. దేవదానం పెద్దబాపు బాపు వైపు చూశాడు. ఇక చెప్పేదేముంది అన్నట్టుంది ఆ చూపు.

అప్పుడు మణెమ్మత్త మాట్లాడింది. చెవులు వినపడని వాళ్ళ మాట ఎంత పైకి వస్తుందో తెలుసు కదా, రోడ్డు మీద పోయే ఆటో కూడా ఆగి ఉంటుంది.

"ఆ పిల్లేది? కరుణేది?"

హార్మోనియం ఆగిపోయింది. నేను బల్ల కింది నుంచి బయటికొచ్చాను. తల నిండా బూజు, భుజం మీద కోడి ఈక.

"ఈడున్న అత్తా. అగో, నీ కోసం పెద్దగ రాసిండు బాపు. అది సూసి పాడు," అని ఫ్లెక్సీ చూపించాను.

"అది నాకెందుకే? పాట కట్టింది నేను, నాకు నోటికి రాదా? మీరు యాడిదాక వచ్చిండ్రో నాకెట్ల తెలవాలె? అందరు నా ఎనకనే కూసుంటరు. మీ బాపు తల వంచుకొని పెట్టె వాయిస్తడు. అయ్యగారు కండ్లు మూసుకుంటడు, మూతి మీసాల కిందనే పోతది. ఇటు తిరిగి పాడేదానివి నువ్వొక్కదానివే. నీ మూతి సూసే గదనే నేను పాడేది ఇన్నేండ్ల సంది. నువ్వు బల్ల కింద సొచ్చి కూసుంటే నేనెట్ల పాడాలె?"

పాట కట్టిన మనిషికి పాట చూపించడానికి నేను కంప్యూటర్‌ను చంపానన్నమాట. ఆ పెట్టె లోపల ఎవరు ఎవరిని ఆనుకుని ఉన్నారో కనుక్కోవడానికి రెండు రోజులు కుస్తీ పట్టాను. నన్ను ఆనుకుని ఒక మనిషి పాడుతోందని మాత్రం ఒక్కరోజూ చూడలేదు.

"ఈడ నిలవడు," అంది అత్త.

వెళ్ళి ఆమె ఎదురుగా, వేదికకు వీపు పెట్టి నిలబడ్డాను. బాపు మళ్ళీ ఎత్తుకున్నాడు. పల్లవి పాడాను. మణెమ్మత్త గొంతు లేచింది. మొదటి చరణం పాడాను. ఒక్క మాట తప్పకుండా వెంట వచ్చింది. ఆ గొంతు వింటుంటే నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం రెండో చరణం వచ్చేదాకా ఉంది.

నాకు రెండో చరణం రాదు. మీకు చెప్పాను కదా, గుర్తుపెట్టుకోమని. కొన్నేళ్ళుగా ప్రతి కోత పండుగకూ ఆ పాట తెర మీద పెట్టింది నేనే, కానీ రెండో చరణం దగ్గర నా కళ్ళెప్పుడూ తర్వాతి పాట వెతుకుతూ ఉండేవి. అక్షరాలేమో ఇప్పుడు నా వీపు వెనక ఉన్నాయి. తిరిగి చూద్దామంటే అత్త నా మూతి మీద నుంచి కళ్ళు తీయడం లేదు. ఏం చేస్తాను? అలవాటైన పని చేశాను. నోరు ఆడించాను.

మణెమ్మత్త రెండు మాటలు అటూ ఇటూ తడబడింది. ఎప్పటిలాగే. తర్వాత చెయ్యి పైకెత్తింది.

"ఆగుండ్రి."

అందరూ ఆగారు.

"సూసిండ్రా? గీ జాగల్నే, ప్రతిసారి, గీ పిల్ల గిట్లనే నములుతది. అటుకులు బుక్కినట్టు. రెండో చరణం రాదు ఈమెకు. నాకు చెవులు లేవు గని కండ్లున్నయి. ఈమె ఏం పాడుతాందో తెల్వక నేను ఎటో పోవుడు, మీరందరు నన్ను చెవిటిది పాపం అనుడు. చిన్నపిల్ల గదా, నలుగుట్ల ఇజ్జత్ తియ్యద్దని ఊకున్న."

ముందు అయ్యగారి మీసాలు కదిలాయి. తర్వాత చర్చి మొత్తం నవ్వింది. గుమ్మం దగ్గర నిలబడ్డ షబానా మళ్ళీ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. కాజీపేట నుంచి వచ్చిన మా చిన్నమ్మ కూతురు కూడా ముందు వరసలోనే ఉంది, ఆ భాగ్యం కూడా నాకే.

మణెమ్మత్త నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "ఇప్పుడు నువ్వు నా మూతి సూడు," అంది. ఒక్కతే ఎత్తుకుంది.

"పత్తి చేను తెల్లగ నవ్వె, మిరప తోట ఎర్రగ పండె, కూలికొచ్చిన చేతులకు కూడు పెట్టిన తండ్రివి..."

ఆమె పెదవులు చూస్తూ ఒక్కో మాట పట్టుకుని నేను పాడాను. నన్ను చూసి ముందు వరస పాడింది, తర్వాత అందరూ. అంతకాలంలో మొదటిసారి రెండో చరణంలో అందరం ఒక్క దగ్గరే ఉన్నాం. నాకు కళ్ళు నిండి అత్త మొహం మసకబారింది, అయినా కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే మళ్ళీ ఒక మాట పోతుందని భయం.

పాట అయ్యాక దేవదానం పెద్దబాపు లేచి గొంతు సవరించుకున్నాడు. అందరం చూస్తున్నాం.

"మనం కూసోబెట్టాల్సింది మణెమ్మను గాదు," అన్నాడు నా వైపు చూసి. "ఈమెను. ఈమెను కూసోబెట్టి, ముందుగాల పాటలు నేర్పియ్యాలె. కంప్యూటర్ తర్వాత."

ఆ వారమంతా కాలేజీ నుంచి వచ్చి పెట్టె ముందు కూర్చుని, అలిగిపోయిన చుట్టాలందరినీ ఒక్కొక్కరినీ వెనక్కి పిలిచాను. వదిలే రకం కాదు నేను. షబానా పక్కన కూర్చుని, నేను ఏది కొట్టబోయినా, "చదివినవా? మొత్తం చదివినవా?" అని అడిగి గానీ కొట్టనివ్వలేదు. మళ్ళీ ఆదివారానికి ఆ పెట్టె అచ్చం ఎప్పటిలాగే తయారైంది. అంతే నిదానం, అదే నీలం రంగు. అయ్యగారు ఆమెన్ అనగానే వెలిగింది. ఇంత కష్టపడి, ఎక్కడ మొదలుపెట్టానో సరిగ్గా అక్కడికే చేరుకున్న మనిషి మా వరంగల్‌లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. సాదాగ మంచిగుంది.

కాబట్టి, ఆనాడు హర్రాజులో మా అమ్మ పాడుకున్న గుమ్మడికాయ మీద చెయ్యి వేసి నేను ప్రమాణం చేస్తున్నాను. నడుస్తున్న ఏ పెట్టెకూ బోనెట్ ఎత్తను. కాపీ తీసిపెట్టుకోకుండా దేన్నీ ముట్టను. "నేను చెప్పినట్టు చెయ్యి" అని మనిషికి గానీ మిషన్‌కు గానీ ఈ జన్మలో చెప్పను. రెండో చరణం దగ్గర అటుకులు బుక్కను. ఇప్పుడు నాకు ఆ పాట రెండో చరణం నిద్రలో లేపి అడిగినా వచ్చు, ఎవరైనా పరీక్ష పెట్టుకోవచ్చు.

ఆ పాటకు, బాపు టైపు చేయకుండా వదిలేసిన మూడో చరణం కూడా ఉందని మొన్ననే తెలిసింది. దయచేసి మణెమ్మత్త ముందు ఆ మాట ఎత్తకండి.